రుచి చూసినవారి సంతకం

ఆ వేసవిలో మా వంటింటి గుమ్మానికి అడ్డంగా నేల మీద ఒక ఎర్ర టేపు ఉండేది. అంటించింది నేనే. పొద్దున్న పది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆ టేపు దాటి లోపలికి రావడానికి మా తోడికోడలికి వీల్లేదు. నేను ఆ ఇంటికి కోడలిగా రావడానికి పదకొండేళ్ళ ముందు నుంచీ ఆ పొయ్యి దగ్గర నిలబడిన మనిషి ఆవిడ.

టేపుకు సరిగ్గా అవతల ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. కాలి బొటనవేలు టేపు అంచుకు తగిలీ తగలనట్టు పెట్టేది.

"దాటలేదుగా?"

"దాటలేదు అక్కయ్యా."

"మరి మొహం అలా పెట్టావేం? కాలు కనిపించినా రూలు ఒప్పుకోదా?"

నేను జవాబు చెప్పేదాన్ని కాదు. చెబితే మాటకు మాట పెరిగేది. చెప్పకపోతే ఒక్క మాటతో ఆగేది. ఆ ఒక్క మాటే రోజంతా చెవిలో గింగురుమనేది.

మా బావగారు చనిపోయిన ఏడాది ఆవిడ నిమ్మకాయలు నాలుగు చీలికలుగా కోసి, ఉప్పులో ఊరబెట్టి, డాబా మీద ఎండబెట్టి, సీసాల్లో నింపి వీధి కిటికీలోంచి అమ్మడం మొదలుపెట్టింది. పదిహేనేళ్ళు అలాగే అమ్మింది. మా ఆయన మోకాలు పాడై బస్సు నడపడం మానేశాక ఇల్లంతా ఆ కిటికీ మీదే నడిచింది. ఆ ఏడాది ఎండలు ముదురుతుండగా ఆహార శాఖ నుంచి ఒకాయన వచ్చి, ఇంట్లో వండి అమ్మేవాళ్ళందరికీ తలా ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. చదవడం నా వంతు. ఆవిడ మూడో తరగతితో ఆపేసింది. నేను పదో తరగతి దాకా వెళ్ళాను.

ఇకమీదట అనుమతి లేకుండా అమ్మకూడదు. ఒక వంటింటికి ఒకే అనుమతి, ఒకే పేరు. నీళ్ళు పరీక్ష చేయించాలి. అమ్మకం సరుకు చేసే వేళలో ఇంటి వంట చెయ్యకూడదు. ఒక్కో విడతకీ తూకాలు రిజిస్టరులో రాయాలి, చివరి గడిలో రుచి చూసినవారు సంతకం పెట్టాలి. సరుకు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆరోగ్య కార్డు ఉండాలి.

ఆవిడ నిమ్మకాయలు కోస్తూనే వింది. కత్తి ఆగలేదు.

"కార్డు అంటే?"

"ఆస్పత్రికి వెళ్ళి రక్తం ఇవ్వాలి అక్కయ్యా. ఇంకా..."

"ఇంకా?"

"చిన్న డబ్బా ఒకటి ఇస్తారట. పొద్దున్నే దొడ్డికి వెళ్ళినప్పుడు కాస్త అందులో..."

కత్తి ఆగింది. "ముప్పై ఏళ్ళుగా నా చేతి వంట తిన్నవాళ్ళు ఒక్కళ్ళూ నన్ను డబ్బా అడగలేదు. ఇప్పుడు ఎవడో కుర్చీలో కూర్చున్నవాడికి అది పట్టుకెళ్ళి చూపించాలా? ఊరగాయ కావాలో అది కావాలో ముందు తేల్చుకోమను."

మా ఆయన పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. ప్రభుత్వం అడిగిన కాగితం లేకుండా కిటికీ తెరిస్తే అది దొంగ సరుకుతో సమానమే కదా అనిపించింది. పొద్దున్నే దేవుడి ముందు దీపం వెలిగించి, ఆ చేత్తోనే దొంగ సరుకు ఎలా అందిస్తాం? నాలుగు రోజులు ఆవిడను బతిమాలాను. ఐదో రోజు నేనే వెళ్ళి రక్తం ఇచ్చాను, డబ్బా ఇచ్చాను, దరఖాస్తు మీద నా పేరు రాశాను. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు. వద్దన్న మనిషి పేరు ఎలా రాస్తాను?

అనుమతి పత్రం వచ్చాక దానికి అద్దం కట్టించి పొయ్యి పక్కన గోడకు తగిలించాను. సీసాల మీదికి లేబుళ్ళు అచ్చు వేయించాను. ఆవిడ ఒక లేబులు తీసుకుని వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంది.

"నిమ్మకాయలు. ఉప్పు. ఎండ రాయలేదేం?"

"ఎండ సరుకు కాదు కదా అక్కయ్యా."

"ఎండ లేకుండా చేసి చూపించు." వేలు కిందికి జరిగింది. తయారుచేసినవారు అన్న చోట నా పేరు దగ్గర ఆగింది. కాసేపు అక్కడే ఉంది. "బాగుంది. అచ్చు బాగా పడింది," అని లేబులు నా చేతిలో పెట్టేసి వెళ్ళింది. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. పిలవాల్సి వస్తే 'పర్మిషనమ్మా' అనేది.

టేపు ఆ మర్నాడు అంటించాను.

పదింటి లోపల ఇంటి వంట ఆవిడది. పది కొట్టేసరికి గది నాది. ఆవిడ తొమ్మిదీ యాభై తొమ్మిది దాకా లోపలే ఉండేది. గోడ గడియారం చూసుకుంటూ గట్టు కడిగేది, నేల మీద రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించేది. పొడిగా ఉంటే తప్ప సరుకు పని మొదలుపెట్టకూడదని కాగితంలో ఉందని ఆవిడకు తెలుసు. చదివి వినిపించింది నేనే కదా. వెళ్ళేటప్పుడు తన కత్తి, తన గరిట, పొయ్యి వెలిగించే లైటరు కొంగున చుట్టుకుని వెళ్ళేది.

"లైటరు ఇవ్వండి అక్కయ్యా."

"కార్డు లేని చెయ్యి పడిన లైటరు. నీకు అంటు."

ఒకరోజు గుమ్మం మీద నిలబడి రెండు చేతులూ ముందుకు చాపింది. "చూడు. తొమ్మిదీ యాభైకి ఈ చేతులు శుభ్రం. వీటితో చేసిందే నువ్వు తిన్నావు, మీ ఆయన తిన్నాడు. పదింటికి ఇవే చేతులు మురికి. ఈ పది నిమిషాల్లో వీటికేం రోగం వచ్చిందో నీ పుస్తకంలో చూసి చెప్పు."

రూలు అలా ఉంది అన్నాను.

మా ఆయనను అడిగితే, "నా కాలు బ్రేకు మీదికే లేవట్లేదు. మీ ఇద్దరి మధ్య గేరు నేనేం మారుస్తాను?" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ టేపు నాకు నచ్చింది. ఇరవై రెండేళ్ళు ఆ గదిలో నేను పక్కన నిలబడి అందించేదాన్ని. ఉప్పు ఎంత అంటే ఆవిడ చెయ్యి చెప్పేది. నేను వేస్తే, "ఇటివ్వు," అని లాక్కునేది. ఇప్పుడు పది నుంచి రెండు దాకా ఆ గదిలో నేను ఒక్కదాన్నే. చేతికి తొడుగులు, తలకు టోపీ, ఎదురుగా తూకం మిషను. ఆవిడ పిడికిలి చెప్పే లెక్క కాకుండా అంకెలు కనిపించే లెక్క. మొదటి ఆరు విడతలూ బాగా కుదిరాయి. కిటికీ దగ్గర జనం తగ్గలేదు. ఆ అంకెల ఎరుపు వెలుగు చూస్తే నాకు ధైర్యంగా ఉండేది.

ఏడో విడత రోజు నాకు ఉపవాసం. వారంలో ఆ ఒక్క రోజు పొద్దు పడేదాకా నోట్లో ఏమీ వెయ్యను. నీళ్ళు తాగుతాను, అంతే. చిన్నప్పటి నుంచీ ఉన్న నియమం. పెళ్ళయ్యాక కూడా ఎవరూ కాదనలేదు.

పది కిలోల కాయలు కోసి పెట్టాను. ఉప్పు రెండున్నర కిలోలు. అరకిలో చొప్పున ఐదు సార్లు స్టీలు గిన్నెలో తూచి జాడీలో వేస్తాను. మిషను మీద చెయ్యి పెట్టబోతుంటే పీట మీంచి ఆవిడ మొదలుపెట్టింది.

"ఆ కాయ మొన్నటిది కాదు. తొక్క మందం. నీళ్ళెక్కువ. ఉప్పు కాస్త ఎక్కువ పడుతుంది."

"లెక్క ప్రకారం వేస్తాను అక్కయ్యా."

"కాయకు నీ లెక్క తెలుసా?"

"నాకు తెలుసు. మీరు కాసేపు ఊరుకోండి."

ఊరుకోండి అన్న మాట ఆ ఇంట్లో ఆవిడతో నేను మొదటిసారి అన్నాను. మిషను స్విచ్ నొక్కాను, గిన్నె పెట్టాను, ఉప్పు పోశాను. ఐదు వందలు కనిపించగానే జాడీలో వేశాను. అలా ఐదు సార్లు. కలిపాను. ఆవిడ మెడ చాచి చూసింది.

"ఉప్పు తక్కువైంది."

"మిషను చెబుతోంది కదా."

"నా కళ్ళు చెబుతున్నాయి. ముక్కకు ఉప్పు పట్టలేదు, జారిపోతోంది. నాలుక మీద పెట్టి చూడు."

"ఇవాళ ఉపవాసం."

"అయితే ఇలా తీసుకురా. నేను చూస్తాను."

"మీకు కార్డు లేదు."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. నేను రిజిస్టరు తీసి తూకాలు రాశాను. చివరి గడి దగ్గరికి వచ్చి పెన్ను ఆపాను.

"ఆగావేం, పర్మిషనమ్మా? నువ్వు ఉపవాసం ఉన్నప్పుడు నీ సంతకాన్ని కూడా ఉండమను."

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. రుచి సరిపోయింది అని రాసి, కింద సంతకం పెట్టాను. గుండ్రంగా, నిదానంగా, ఆవిడకు కనిపించేలా పెట్టాను.

మర్నాడు రుచి చూద్దామనుకున్నాను. మర్నాడు నీళ్ళ పరీక్ష కాగితాల కోసం ఆఫీసులో రోజంతా కూర్చున్నాను. ఆ తర్వాత ముక్కలు ఎండకు వేయడం, సీసాలు ఉడకబెట్టడం. సంతకం అయిపోయిన గడి వైపు మళ్ళీ ఎవరు చూస్తారు? ఒకవేళ నాలుక మీద పెట్టుకుంటే, నిజంగానే తక్కువైందని తెలిస్తే, ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పాలి? ఆ భయం కూడా లోపల ఉందేమో.

ఇరవై రోజులకు మేడ మీద అద్దెకుండే టీచరమ్మ సీసా పట్టుకుని దిగి వచ్చింది. మూత మీద రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకుంది. డాబా మీద మా నిమ్మకాయలు ఆరేస్తే తన చీరలకు వాసన పడుతోందని అప్పటికి రెండేళ్ళుగా మాతో పడదు. అయినా ఊరగాయ మాత్రం మా దగ్గరే కొనేది.

సీసా కిటికీ అంచు మీద పెట్టింది. ముక్కల పైన తెల్లగా దూది పరిచినట్టు బూజు.

"లేబులు చదివాను. తయారుచేసినవారు మీరేనట. మా పిల్లకు నిన్న ఇందులోంచే పెట్టాను."

"పాపకు ఎలా ఉందండీ?"

"ఏమీ కాలేదు, మా అదృష్టం. ఇదివరకు పెద్దావిడ చేసినప్పుడు రెండేళ్ళున్నా చెక్కు చెదిరేది కాదు. ఇప్పుడు అద్దాలు కట్టించుకున్నారు, టోపీలు పెట్టుకున్నారు, సరుకు మాత్రం పోయింది. మీతో గొడవ పడే ఓపిక నాకు లేదు. ఆహార శాఖ ఆఫీసులో ఇంకో సీసా ఇచ్చి వచ్చాను. వాళ్ళే మాట్లాడతారు."

టీచరమ్మ మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెనక పీట కదిలిన చప్పుడైంది. 'నేను చెప్పలేదూ' అంటుందని కాచుకుని నిలబడ్డాను. ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

మా ఆయన సంచీ భుజాన వేసుకుని, కుంటుకుంటూ వీధంతా తిరిగి ఆ విడత సీసాలు వెనక్కి తెచ్చాడు. కొందరు సీసా ఇచ్చారు. కొందరు సీసాతో పాటు మాటలు కూడా ఇచ్చారు. "వదిన చేతి నుంచి ఎందుకు లాక్కున్నారని అడుగుతున్నారు," అన్నాడు, సంచీ దించుతూ. ఆ మాట నా మొహం చూసి అనలేదు.

ఇన్‌స్పెక్టరు మూడో రోజు పదకొండింటికి వచ్చాడు. సన్నటి మనిషి. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. టేపు ముందు ఆగి బూట్లు విప్పి, జేబులోంచి టోపీ తీసి పెట్టుకుని, అప్పుడు లోపలికి వచ్చాడు. పీట మీద కూర్చున్న ఆవిడ ఆయన టోపీ వంక ఎగాదిగా చూసింది.

సంచీలోంచి బూజు సీసా తీసి గట్టు మీద పెట్టాడు. రిజిస్టరు తెరిచి ఏడో విడత మీద వేలు పెట్టాడు.

"కాయలు పది కిలోలు. ఉప్పు రెండున్నర. రుచి సరిపోయింది. ఈ సంతకం మీదేనా అమ్మా?"

"నాదేనండి."

"రెండున్నర కిలోల ఉప్పు పడిన కాయకు ఇంత త్వరగా బూజు రాదు. మీరు ఎలా తూస్తారో ఒకసారి చూపించండి."

స్టీలు గిన్నె మిషను మీద పెట్టాను. స్విచ్ నొక్కాను. సున్నా వచ్చింది. ఉప్పు పోశాను, ఐదు వందల దగ్గర ఆపాను. ఆయన తల ఊపాడు.

"సరిగ్గానే ఉంది."

నా చెయ్యి గిన్నె మీదే ఉండిపోయింది. గిన్నె పెట్టి స్విచ్ నొక్కితే మిషను గిన్నెను లెక్కలోకి తీసుకోదు. సున్నా నుంచి మొదలవుతుంది. రోజూ అలాగే చేసేదాన్ని. ఆ రోజు, ఊరుకోండి అన్న ఆ రోజు, ముందు స్విచ్ నొక్కాను. తర్వాత గిన్నె పెట్టాను. ఐదు సార్లూ గిన్నె బరువు కూడా ఉప్పు కిందే పోయింది.

ఆ సంగతి ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు దించి గుమ్మం వైపు చూశాడు. "ఆవిడ ఎవరు?"

"మా తోడికోడలండి."

"కార్డు ఉందా?"

"లేదండి."

ఆయన గొంతు తగ్గించాడు. చెడ్డ మనిషి కాదు. నాకు సాయం చేస్తున్నానే అనుకున్నాడు. "చూడండమ్మా. తూకం బాగుంది, పుస్తకం బాగుంది. మీకు అనుమతి ఇచ్చింది కూడా నేనే. ఇలాంటి చోట ఎక్కువగా జరిగేదేమిటంటే, కార్డు లేనివాళ్ళు ఎవరో మధ్యలో చెయ్యి పెడతారు. తడి చెయ్యి ఒక్కటి చాలు. అలా జరిగి ఉంటే ఆ మాట రాసివ్వండి. ఇకమీదట ఆవిడ ఈ వంటగదిలోకి రారని సంతకం పెట్టండి. హెచ్చరికతో పోతుంది. అనుమతి నిలుస్తుంది."

"రారంటే, పది నుంచి రెండు దాకానా?"

"ఏ వేళలోనూ."

ఆయన ఎంత తగ్గించి చెప్పినా ఆ గదిలో మాట దాగదు. ఆవిడ వింది. టేపు అంచున ఉన్న బొటనవేలు నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. నేను రుచి చూడకుండా సంతకం పెట్టడం ఆవిడ కళ్ళారా చూసింది. ఒక్క మాట అంటే చాలు, నా పని అయిపోయేది. అనలేదు. నా వంక చూడలేదు. గట్టు మీద సీసాను చూస్తూ కూర్చుంది, పాడైన కాయల్ని చూసినట్టే.

ఆ ఒక్క నిమిషంలో నేనేం ఆలోచించానో రాయడానికి సిగ్గుగా ఉంది. పదింటికి తడి నేల ఉండదు. లైటరు వెతుక్కోనక్కర్లేదు. ఆ గదిలో ఉప్పు ఎంత అని నన్ను అడిగేవాళ్ళు ఉండరు. అద్దం కట్టిన పత్రం గోడ మీదే ఉంటుంది, కిటికీ తెరిచే ఉంటుంది. పాపం అనుకోవడానికి కూడా పెద్దగా ఏమీ లేదు. ఆయన కాగితం మీద రాసి ఇస్తాడు, నేను చివర సంతకం పెడతాను. చూడనిది చూశానని ఒకసారి పెట్టిన చెయ్యే కదా.

"రుచి చూడలేదండి," అన్నాను.

"ఏంటమ్మా?"

"ఆ రోజు నాకు ఉపవాసం. నోట్లో ఏమీ పెట్టుకోను. చూడకుండానే సంతకం పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు. తక్కువైందని చెప్పింది కూడా. నేను వినలేదు." మిషను ఆపాను. ముందు స్విచ్ నొక్కి, తర్వాత ఖాళీ గిన్నె పెట్టాను. నూట ఎనభై అని వెలిగింది. "ఆ రోజు ఇలా తూచాను. ఐదు సార్లు."

ఆయన ఆ అంకె వంక చూశాడు. రిజిస్టరు మూశాడు.

"ఉపవాసం అని ఆ గడిలో రాస్తే సరిపోయేది కదమ్మా. మర్నాడు చూసి పెట్టినా సరిపోయేది. ఎవరూ కాదనరు."

"అలా రాయొచ్చని నాకు తెలియదండి."

"అడగలేదు మీరు," అన్నాడు, నొచ్చుకున్నట్టు.

ఆయన రాసింది ఇది. తప్పుడు నమోదు కారణంగా అనుమతి రద్దు. ఏడాది పాటు నా పేరు మీద దరఖాస్తు చెల్లదు. అదే వంటగదికి కార్డు ఉన్న ఇంకెవరైనా పెట్టుకోవచ్చు. గోడ మీది పత్రం ఆయనే దించి సంచీలో పెట్టుకున్నాడు. మేకు మిగిలింది. బూట్లు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆవిడకు నమస్కారం పెట్టాడు. ఆవిడ తిరిగి పెట్టలేదు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అంది.

"ఇప్పుడు ఏం తింటాం? నీ నిజమా?"

"చెప్పకపోతే మిమ్మల్ని ఈ గదిలోకి..."

"నన్ను కాపాడమని నిన్ను అడిగానా? నా పదిహేనేళ్ళ కిటికీ మూయించావు. ముందు నీ పేరు పెట్టుకుని మూయించావు, ఇప్పుడు నీ పుణ్యం కోసం మూయించావు." పీట ఎత్తి గోడకు ఆనించింది. "నీ దేవుడికి చెప్పు. బాగా చూసుకున్నాడు మమ్మల్ని."

ఆ సాయంత్రం దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. దేవుడు నన్ను నోరు కట్టుకోమన్నాడేమో గాని, తినని ముక్కకు రుచి రాయమనలేదు. అసలు ఆ రోజు నేను ఉపవాసం ఆయన కోసమే ఉన్నానా, అక్కయ్య మాట వినకుండా ఉండటానికి అది నాకు చేతికి అందిన సాకా? అడిగాను. ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంటాను.

ఆ తర్వాత నెల రోజులు మా ఇంట్లో మనుషులు ముగ్గురే అయినా నలుగురికి సరిపడా మౌనం ఉండేది. కిటికీకి గడియ వేసి ఉండేది. మా ఆయన స్కూలు బస్సుల షెడ్డులో గేటు దగ్గర కూర్చునే పనికి కుదిరాడు. ఇంకా నిజం చెప్పాలంటే, నాకు అన్నిటికన్నా కష్టమైంది పది గంటల వేళ. అమ్మకం లేదు, వేళలు లేవు, ఆవిడ రోజంతా లోపల ఉండొచ్చు. అయినా గడియారం పది కొట్టగానే చేస్తున్న పని చేస్తున్నట్టే వదిలేసి, టేపు దాటి బయటికి వెళ్ళి పీట మీద కూర్చునేది.

"అక్కయ్యా, ఇప్పుడు లోపలే ఉండొచ్చు."

"తెలుసు."

రెండింటి దాకా కూర్చునేది.

ఒకరోజు ఆ టేపు పీకేద్దామని గోరుతో అంచు లేపుతుంటే, "దాన్ని ముట్టుకోకు," అంది. వదిలేశాను.

మొదటి వాన పడిన మర్నాడు పొద్దున్నే ఆవిడ బయటికి వెళ్ళే చీర కట్టుకుని నా ఎదురుగా నిలబడింది.

"ఆ డబ్బా ఎక్కడిస్తారు?"

ముందు నాకు అర్థం కాలేదు.

"అదే. నువ్వు ఇచ్చి వచ్చావు కదా. ఆ చోటు చూపించు. గదిలోకి మాత్రం రాకు."

"అక్కయ్యా, మీరు..."

"నీ కోసం కాదు. సంచులు సంచులుగా కాయ వచ్చి పడుతోంది బజార్లో. చూస్తూ కూర్చోలేను. ఈసారి సీసా మీద నా పేరు ఉంటుంది. పెద్ద అక్షరాలతో."

ఆ రోజు ఖాళీ డబ్బా తెచ్చుకున్నాం. మర్నాడు మళ్ళీ బస్సెక్కాం. డబ్బాను చేతిరుమాల్లో చుట్టి, దాన్ని ఇంకో సంచీలో పెట్టి, ఆ సంచీని కొంగు కింద దాచుకుంది. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద మా ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ వదిలింది. పిలుపు రాగానే లేచి, ఆ సంచీ సంచీనే కిటికీలోకి తోసింది. లోపలి గుమాస్తా విప్పుకుంటూ విసుక్కున్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. అయినా కదల్లేదు.

గుమాస్తా ఫారం నింపుతూ అడిగాడు. "అమ్మకానికి వంట చేసేది మీరేనా?"

"నేనే."

"మీతో పాటు ఇంకెవరైనా పనిచేస్తారా? వాళ్ళ పేరు కూడా రాయాలి."

ఆవిడ వెనక్కి తిరగలేదు. చెయ్యి వెనక్కి చాపి నా వైపు చూపించింది.

"ఈవిడ. కార్డు ఉంది."

"మీకేమవుతారు?"

కాస్త ఆలోచించింది. "ఉప్పు తూచే మనిషి," అంది.

గుమాస్తా రాసుకున్నాడు. నిజంగానే అలా రాసుకున్నాడో, తోడికోడలని రాసుకున్నాడో నేను చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఖాళీగా ఉంది. ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది, నేను వెనక సీట్లో కూర్చున్నాను. అద్దం మీద వాన చారలు. మా స్టాపుకు ఇంకో రెండు ఉన్నాయనగా, తల తిప్పకుండానే అడిగింది.

"మిషను దగ్గర గిన్నె ముందా, స్విచ్ ముందా?"

"గిన్నె ముందు, అక్కయ్యా."

"మళ్ళీ చెప్పు."

"గిన్నె ముందు."

"ఊఁ," అని దిగడానికి లేచింది. స్టాపు ఇంకా రాలేదు. అయినా నేనూ లేచి ఆవిడ వెనక నిలబడ్డాను.